ఎనిమిది పార్కులు వద్దు, మూడు చాలు: ఆగస్టులో ఇంటిల్లిపాదీ సఫారీకి వెళ్లాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆగస్టులో పది రోజులు వీలుంది. మీ దంపతులు, నాలుగో తరగతి పాప, అరవై ఐదు దాటిన అమ్మానాన్నలు. అందరూ శాకాహారులే. వైల్డ్‌బీస్ట్‌లు, అంటే దున్నల్లా కనబడే ఆ పెద్ద జింకలు, నది దాటడం చూసి తీరాలని పాప పట్టుబట్టింది. హైదరాబాద్ ఏజెంటు కెన్యాలోని నైరోబీలో దింపి అంబోసెలి, నైవాషా, నకూరు, మాసాయి మారా, అక్కణ్ణించి సరిహద్దు దాటించి టాంజానియాలో సెరెంగెటి, న్గోరోంగోరో, మన్యారా, టరంగిరి చూపించి అరుషాలో విమానం ఎక్కిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా, లేక ఒక్క దేశమే పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఏది?

ఆ ప్యాకేజీ వద్దు. టాంజానియా ఒక్కటే పెట్టుకోండి. అందులోనూ టరంగిరి, న్గోరోంగోరో, సెరెంగెటి, ఈ మూడే. సెరెంగెటిలో కనీసం ఐదు రాత్రులు ఉండండి.

మేం చాలా ఏళ్లుగా టాంజానియాలోనే, దార్-ఎస్-సలామ్‌లో ఉంటున్నాం. సెలవులొస్తే మా వైపు వాళ్లో, మా ఆవిడ తరఫు వాళ్లో, వాళ్ల స్నేహితులో ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. వాళ్లని వెంటబెట్టుకుని ఉత్తరాన ఉన్న పార్కులు తిప్పడం నాకు రెండో ఉద్యోగమైపోయింది. ఏ టూర్ కంపెనీతోనూ నాకు లావాదేవీలు లేవు. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు ఆ ఏజెంటు ఇచ్చిన కాగితం సంగతి. పార్కుల పేర్లు పక్కనపెట్టి వాటి మధ్య దారి లెక్కేయండి. నైరోబీ నుంచి అంబోసెలి నాలుగైదు గంటలు. అంబోసెలి నుంచి నకూరు వెళ్లాలంటే మళ్లీ నైరోబీ మీదుగానే, అంటే ఇంచుమించు రోజంతా. నకూరు నుంచి మారా ఇంకో ఐదారు గంటలు. మారా, సెరెంగెటి మ్యాపులో ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, నిజానికి అదంతా ఒకే మైదానం. కానీ జంతువులకి ఉన్న దారి మనకి లేదు. 1977లో టాంజానియా కెన్యా సరిహద్దు మూసేసింది. తర్వాత దేశాల మధ్య రాకపోకలు మొదలైనా, రెండు పార్కుల మధ్య ఉన్న ఆ దారిని మాత్రం పర్యాటకులకి తెరవలేదు. పడమరగా చుట్టు తిరిగి ఇసెబానియా దగ్గర దాటాలి. కెన్యా బండి టాంజానియా పార్కుల్లోకి రాదు గనక అక్కడ బండి మారుతుంది, డ్రైవరు మారతాడు, సామాను దింపి ఎక్కించాలి. ఆ రోజు మీరు చూసేది ఇమిగ్రేషన్ క్యూలు, లారీలు. మొత్తమ్మీద పది రోజుల్లో సగం పగళ్లు తారురోడ్డు మీదే పోతాయి. ఇవన్నీ మీ నాన్నగారి నడుము మీదుగా పోతాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. మహారాష్ట్ర తడోబాలో గానీ, మన నల్లమలలో ఫర్హాబాద్ దగ్గర గానీ సఫారీ అంటే మూడు నాలుగు గంటల ట్రిప్పు. టైము అయిపోతే గేటు బయట ఉండాలి. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చినవాళ్లు మొదటి రోజే డ్రైవరుని తొందరపెడతారు: సింహం అయింది, తర్వాత చిరుతపులి, తర్వాత ఖడ్గమృగం. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. తెల్లారి బండెక్కితే చీకటి పడేదాకా పార్కు లోపలే ఉండొచ్చు. మధ్యాహ్నం భోజనం డబ్బాలో ఇచ్చి పంపిస్తారు. ఎవరూ తరమరు. ఆ వెసులుబాటుకే మనం అన్ని డాలర్లు కడుతున్నాం. దాన్ని పార్కు నుంచి పార్కుకి పరుగుల్లో పోగొట్టుకుంటే దక్కేది గేట్ల దగ్గర తీసుకున్న ఫోటోలే.

ఒక ఉదాహరణ చెప్తాను. సెరెంగెటి నడిబొడ్డున సెరొనెరా అనే ప్రాంతం ఉంది. ఓ ఉదయం అక్కడ మా గైడు ఉన్నట్టుండి బండి ఆపి ఇంజన్ కట్టేశాడు. చూస్తే ఏమీ లేదు. దూరంగా కొన్ని థామ్సన్ గజెల్ జింకలు. రోజంతా కనిపించేవే, మా బావమరిది అప్పటికే వాటికి ఫోటోలు తీయడం మానేశాడు. గైడు బైనాక్యులర్ వాడి చేతికిచ్చి "తోకలు చూడు" అన్నాడు. ఆ జింకల తోక నల్లగా, పొట్టిగా ఉంటుంది, మేసేటప్పుడు క్షణం తీరిక లేకుండా ఆడుతూనే ఉంటుంది. ఇప్పుడు ఒక్క తోకా ఆడటం లేదు. అన్నీ మేత మానేసి, చెవులు ముందుకి పెట్టి, ఒకే వైపు చూస్తున్నాయి. మేమూ అటే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి గడ్డిలోంచి ఓ చీతా లేచింది. తను కనబడిపోయానని దానికి తెలిసిపోయింది, ఇక నక్కి లాభం లేదని తాపీగా నడుచుకుంటూ వచ్చి ఓ చెదపుట్ట ఎక్కి పడుకుంది. దాని వెనకే పిల్లలు మూడు. చీతా పిల్లల వీపు మీద పుట్టుకతో బూడిదరంగు జూలు ఉంటుంది, అది ఇంకా రాలలేదు. ఈలోగా రేడియోలో కబురు విని నాలుగైదు బండ్లు వచ్చాయి. తలా రెండు నిమిషాలు ఆగి, ఫోన్లు ఎత్తి, వెళ్లిపోయాయి. మేం కదల్లేదు. చీతా పిట్టలా కిచకిచమంటూ పిల్లల్ని పిలుస్తుందని నాకు ఆ రోజే తెలిసింది, అన్నేళ్లుగా తిరుగుతున్నా. ఎండెక్కాక అవతలి వైపు నుంచి దారి తప్పిన గజెల్ ఒకటి వచ్చింది, తల్లి పుట్ట దిగింది, అప్పుడు చూశాం అసలు పరుగు. జింక మూడుసార్లు మలుపు తిప్పి తప్పించుకుంది. చీతా నోరు తెరిచి రొప్పుతూ మా బండి నీడలోనే కూలబడింది. ఆ వెళ్లిపోయిన బండ్ల వాళ్లు కూడా "చీతాని చూశాం" అనే చెప్పుకుంటారు. తప్పేం లేదు.

కాబట్టి మీ డబ్బు ముందుగా పోవాల్సింది మంచి గైడు మీద. లాడ్జిలో స్విమ్మింగ్ పూల్ తర్వాత సంగతి. ఇక్కడ డ్రైవరే గైడు. వాళ్లంతా రేడియోలో స్వాహిలీలో మాట్లాడుకుంటూ ఉంటారు. సింబా అంటే సింహమని అందరికీ తెలుసు. చుయి అంటే చిరుతపులి, దుమా అంటే చీతా, కిఫారు అంటే ఖడ్గమృగం. ఈ నాలుగూ పాపకి నేర్పి పెట్టండి, రేడియో మోగినప్పుడల్లా ఎగిరి గంతేస్తుంది. కానీ మొదటి రోజే గైడుతో ఓ మాట అనుకోండి: "మాకు బిగ్ ఫైవ్ లిస్టు పూర్తవక్కర్లేదు, రేడియో వెంట పరిగెత్తొద్దు, మీకు బాగుందనిపించిన చోట ఆపండి." ఆ మాటతో ఆయన ముఖం వెలిగిపోతుంది. అసలు బిగ్ ఫైవ్ (సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న) అన్న లెక్క వేటగాళ్ల కాలం నాటిది. కాలినడకన వేటాడటానికి ఏవి ప్రమాదమో వాటి జాబితా అది. చీతా, జిరాఫీ, హైనా అందులో లేకపోవడానికి అదే కారణం.

ఇప్పుడు నది దాటడం గురించి. మీరు పెట్టుకున్న ఆశంతా దాని మీదే గనక కాస్త వివరంగా రాస్తాను.

వైల్డ్‌బీస్ట్‌లు సుమారు పదమూడు లక్షలకి పైనే. వాటితో జీబ్రాలు రెండు లక్షలకి పైగా, గజెల్‌లు అదనం. మొదటినుంచీ ఇన్ని లేవు. 1960ల మొదట్లో రెండున్నర లక్షలకి అటూ ఇటూగా ఉండేవి. పశువుల నుంచి వాటికి సోకే రిండర్‌పెస్ట్ రోగం దూడల్ని తినేసేది. చుట్టుపక్కల పశువులకి టీకాలు వేశాక ఆ రోగం పోయింది, 1970ల ఆఖరుకి మంద ఇంతైంది. ఇవి ఏటా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన న్డూటు చుట్టూ పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. ఆ నేల అగ్నిపర్వతాల బూడిద, గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి, బాలింతలకి అదే కావాలి. ఫిబ్రవరిలో కొద్ది వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. మే వచ్చేసరికి అక్కడ గడ్డీ ఉండదు, నీళ్లూ ఉండవు. పడమరగా, ఉత్తరంగా కదులుతూ జూన్ ప్రాంతంలో గ్రుమెటి నది, జూలై ఆఖరు నుంచి అక్టోబరు దాకా మారా నది. ఆ ప్రాంతంలో వానలు లేని కాలంలోనూ పారే నది మారా ఒక్కటే. నవంబరు వానలకి మళ్లీ కిందికి.

చాలామందికి రెండు విషయాలు తెలియవు. ఒకటి, నది దాటడం ఒక్కరోజు తంతు కాదు. ఆ మూడు నెలలూ మందలు అటొకసారి ఇటొకసారి దాటుతూనే ఉంటాయి. అటువైపు వాన పడితే అటు, ఇటు పడితే ఇటు. రెండు, మారా నది ఒక్క కెన్యాకే పరిమితం కాదు. అది సెరెంగెటి ఉత్తరపు కొసలో కోగాటెండే మీదుగా పారి విక్టోరియా సరస్సులో కలుస్తుంది. ఆగస్టులో చాలా మంద ఇంకా టాంజానియా వైపునే ఉంటుంది. అంటే మీ పాప కోరిక తీరడానికి సరిహద్దు దాటక్కర్లేదు.

అసలు దాటడం ఎలా ఉంటుందంటే, తొంభై శాతం ఎదురుచూపు. గైడ్లు రేవులకి నంబర్లు పెట్టుకున్నారు, ఏ రేవు దగ్గర మంద పోగవుతోందో రేడియోలో తెలుస్తుంది. వెళ్లి గట్టుకి దూరంగా, చెట్ల చాటున బండి పెట్టుకుని కూర్చోవాలి. మంద గట్టు మీదకి వస్తుంది, ముందున్నది నీళ్లు వాసన చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది, మందంతా వెనక్కి పరిగెడుతుంది. గంట తర్వాత మళ్లీ వస్తాయి. ఒక్కోసారి సాయంత్రం దాకా ఇదే. ఒక్కోసారి మీరు పులిహోర డబ్బా మూత తీయగానే ఒకటి దూకేస్తుంది, ఇక అరగంట పాటు ఆగదు. ధూళి, అరుపులు, గట్టు మీదనుంచి జారిపడే దూడలు. అందుకే కోగాటెండేలో మూడు రాత్రులు అంటున్నాను. ఒక్క రాత్రి ఉండి చూసినవాళ్లూ ఉన్నారు, కానీ అది లాటరీ. మూడు రాత్రులు ఉన్నా దొరక్కపోవచ్చు, పాపకి ముందే చెప్పి పెట్టండి. ఇంకో మాట కూడా చెప్పండి, చావులు కనిపిస్తాయి. మారా నదిలో ఏటా సగటున ఆరు వేలకి పైగా వైల్డ్‌బీస్ట్‌లు మునిగిపోతాయని లెక్క. మొసళ్లు తినేది అందులో కొంతే. మిగతావి రాబందులకి, మారబూ కొంగలకి, చేపలకి. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి ఎరువవుతాయి. ఆ వయసు పిల్లలు సరిగ్గా చెప్తే మనకంటే బాగా తట్టుకుంటారు, కళ్లు మూయక్కర్లేదు.

ఏ రేవు దగ్గరైనా కొందరు మంద దారికి అడ్డంగా బండి పెట్టిస్తారు, కొందరు దిగి గట్టు మీదకి నడుస్తారు. మంద బెదిరి వెనక్కి పోతుంది, అప్పటిదాకా ఎండలో కూర్చున్న అందరి శ్రమా గంగలో కలుస్తుంది. మీ గైడు వెనకే ఆపితే ముందుకి పొమ్మని అడక్కండి. సెరెంగెటిలో దారి వదిలి గడ్డిలోకి నడపడం నిషేధం, పట్టుబడితే జరిమానా, గైడు ఉద్యోగానికే ముప్పు.

కెన్యా ఎందుకు కాదంటే, మాసాయి మారా బాగుండదని కాదు. సింహాల విషయంలో దానికి సాటి వచ్చేది తక్కువ. పైగా నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి ముప్పావు గంటలో చిన్న విమానం దింపేస్తుంది, పెద్దవాళ్లకి అది గొప్ప సుఖం. రిజర్వు పక్కన మాసాయి కుటుంబాల దగ్గర కౌలుకి తీసుకున్న వన్యప్రాణి భూములు, అంటే కన్జర్వెన్సీలు ఉన్నాయి, నబోయిషో, మారా నార్త్ లాంటివి. అక్కడ బండ్ల సంఖ్యకి పరిమితి ఉంటుంది, రాత్రి సఫారీ కూడా చేయొచ్చు. ఐదు రోజులే ఉంటే నేను మీకు అదే చెప్పేవాణ్ణి. కానీ పది రోజులున్నాయి, పైగా ఆగస్టు. మారా రిజర్వులో జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీ పెద్దవాళ్లకి ప్రవేశ రుసుము మనిషికి రోజుకి 200 డాలర్లు, అదీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. సెరెంగెటిలో 70 డాలర్లు, పన్ను 18 శాతం కలిపి 82.60, అది 24 గంటలకి.

డబ్బు మాట వచ్చింది గనక, కొటేషన్ ఎలా చదవాలో చెప్తాను. టాంజానియాలో పార్కు లోపల నిద్రపోతే ప్రవేశ రుసుముతో పాటు రాత్రికి మనిషికి ఇంకో 60 డాలర్లు, పన్నుతో 70.80. అంటే సెరెంగెటిలో ఒక పెద్దమనిషికి ఒక పగలు, ఒక రాత్రి ఉండటానికే 153 డాలర్లు ప్రభుత్వానికి పోతాయి, ఇంకా మంచం, అన్నం, బండి లెక్కలోకి రాలేదు. మీరు నలుగురు పెద్దవాళ్లు, ఐదు రాత్రులు, దాదాపు 3,070 డాలర్లు. పాపకి చాలా తక్కువ. న్గోరోంగోరోలో మనిషికి పన్నుతో 70.80, అక్కడి బిలంలోకి, అంటే చల్లారిన అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గుంటలోకి, దిగడానికి బండికి విడిగా 295. ఇవన్నీ కూడిన తర్వాత ఎవరైనా "మొత్తం మనిషికి రోజుకి 150 డాలర్లే" అన్నారంటే ఎక్కడో కోత పెట్టారన్నమాట. పడక పార్కు బయట ఉంటుంది, లేదా "ఫుల్ డే" అని రాసిన రోజు సగం హైవే మీద గడుస్తుంది, లేదా బండిలో మీతో పాటు ముక్కూమొహం తెలియని ఇంకో ఇద్దరుంటారు. మధ్యస్తంగా ఉండే లాడ్జిలు, టెంట్ క్యాంపులతో, బండి మీకొక్కరికే అయితే సుమారుగా మనిషికి రోజుకి 350 నుంచి 500 డాలర్లు వేసుకోండి. ఈ రుసుములు మారుతుంటాయి. కంపెనీని పార్కు ఫీజులు విడిగా, క్యాంపులు పేరుపేరునా రాసి ఇమ్మనండి. ఇవ్వనంటే ఇంకో కంపెనీ. అరుషాలో స్థానిక కంపెనీలు బోలెడున్నాయి, నేరుగా వాళ్లతోనే మాట్లాడుకోవచ్చు, హైదరాబాద్ ఏజెంటు చివరికి చేసేదీ అదే.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రాత్రి అరుషాలో విశ్రాంతి. రెండో రోజు టరంగిరి వెళ్లి ఆ రాత్రి అక్కడే. మూడో రోజు ఉదయం కూడా అక్కడే తిరిగి మధ్యాహ్నానికి కరాటు ఊరు, అక్కడ రెండు రాత్రులు. నాలుగో రోజు న్గోరోంగోరో బిలం. ఐదో రోజు సెరొనెరా, రెండు రాత్రులు. ఏడో రోజు కోగాటెండే, మూడు రాత్రులు. పదో రోజు కోగాటెండే ఎయిర్‌స్ట్రిప్ నుంచి చిన్న విమానంలో అరుషాకి. ఆ చివరి విమానం టికెట్టు దండగని అనిపిస్తుంది, కాదు. అది లేకపోతే కోగాటెండే నుంచి అరుషాకి రెండు రోజుల రోడ్డు. ఆ విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులే. చక్రాల సూట్‌కేసు ఎక్కించరు.

టరంగిరి గురించి ఎక్కువ చెప్పను, ఆగస్టులో అక్కడ ఏనుగులు లెక్కపెట్టడం మానేస్తారు. వానలు లేని నెలల్లో నీళ్లున్నది టరంగిరి నదిలోనే, చుట్టుపక్కల మందలన్నీ అక్కడే. బావోబాబ్ చెట్లు చూడండి. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న ఆ మహావృక్షం జాతే ఇది, ఇక్కడ కొండల నిండా. ఏనుగులు ఎండల్లో వాటి కాండం తొలిచి తింటాయి, కొన్ని చెట్లకి మనిషి దూరేంత గుహలు పడ్డాయి.

న్గోరోంగోరో బిలం గట్టు మీద చలి, పొగమంచు. కింద ఇరవై కిలోమీటర్లకి కాస్త తక్కువ వెడల్పున పచ్చని పళ్లెం. నల్ల ఖడ్గమృగం చూసే అవకాశం ఈ మూడు చోట్లలో ఎక్కువున్నది ఇక్కడే, దూరంగానైనా సరే. జిరాఫీలు మాత్రం లోపల ఉండవు. ఆ నిటారుగా ఉన్న గోడ దిగలేవు, దిగినా వాటికి కావలసిన తుమ్మచెట్లు అడుగున తక్కువ. ఆ ప్రాంతం నేషనల్ పార్కు కాదు. 1959లో సెరెంగెటి నుంచి విడదీసి మాసాయిలు పశువులతో అక్కడే ఉండేలా ఏర్పాటు చేశారు. 2022 నుంచి ప్రభుత్వం వాళ్లని హండేని జిల్లాలోని మ్సొమెరాకి తరలిస్తోంది, దాని మీద పెద్ద గొడవే నడుస్తోంది. దారిలో "మాసాయి గ్రామం చూస్తారా" అని అడుగుతారు. వెళ్తే రుసుము ముందే మాట్లాడుకుని వెళ్లండి. ఎక్కువ చోట్ల అది గెంతులు, పూసల బేరం. నాకు అంతగా నచ్చదు. గైడు మాసాయి అయితే సాయంత్రం మంట దగ్గర ఆయన్నే మాట్లాడించండి, ఇంకా నయం.

సెరెంగెటిలో గడ్డి మధ్య అక్కడక్కడ పెద్ద పెద్ద బండరాళ్ల గుట్టలు వస్తాయి, కొప్యీలు అంటారు. బంజారాహిల్స్‌లో ఇళ్లు లేవకముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే, ఒక రాయి మీద ఒక రాయి. మా నాన్న వాటిని చూసి ఎవరికి రిజిస్ట్రేషన్ చేశారని అడిగారు. తేడా ఏంటంటే ఇక్కడి రాళ్ల మీద సింహాలు ఎండ కాచుకుంటూ ఉంటాయి. పొద్దున్నే వెళ్తే రాయి వేడెక్కకముందు పైకి ఎక్కుతూ కనిపిస్తాయి. తొమ్మిది దాటిందా, నీడలో నాలుగు కాళ్లూ పైకెత్తి పడుకుంటే సాయంత్రం దాకా లేవవు.

అమ్మానాన్నల గురించి. భూమధ్యరేఖ పక్కన కదా అని కాటన్ బట్టలతో వచ్చేస్తారు. ఈ మైదానాలు సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తులో, బిలం గట్టు 2,200 పైన ఉంటాయి. ఆగస్టులో తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో పోతుంటే వణుకు పుడుతుంది. స్వెటర్లు, మంకీ క్యాపులు, శాలువాలు తప్పనిసరి. రోడ్లు కంకర, రేకులా గీతలు పడి ఉంటాయి. పెద్దవాళ్లని డ్రైవరు పక్కనో, వెనకే ఉన్న మొదటి వరసలోనో కూర్చోబెట్టండి. ఆఖరి సీటు కుర్రాళ్లకి. టాయిలెట్లు గేట్ల దగ్గర, పిక్నిక్ స్థలాల్లో బాగానే ఉంటాయి, మధ్యలో అవసరమైతే గైడుతో "టైరు చూడాలి" అనండి. ఆయన చుట్టూ చూసి, సరే అన్నాక బండి వెనక్కి వెళ్లొచ్చు. చెప్పకుండా మాత్రం ఎవరూ డోరు తీయకూడదు. నీళ్లు తాగకుండా ఉంటే టైరు చూడక్కర్లేదని మా అత్తయ్య ఒక రోజంతా ఉపవాసం చేసి తలనొప్పితో పడుకుంది. మీ అమ్మగారికి అలాంటి ఆలోచన రాకుండా చూడండి.

కెన్యా వద్దనడానికి ఇంకో కారణం ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా, ఇథియోపియా మన ప్రభుత్వ ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్న దేశాలు. అక్కణ్ణించి తిరిగొచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. ఆ టీకా అరవై దాటినవాళ్లకి డాక్టరు చూసి నిర్ణయించాల్సిన విషయం, ఆ వయసులో తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం ఎక్కువ. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా కిలిమంజారో విమానాశ్రయానికి వస్తే నైరోబీ, అడిస్ అబాబా రెండూ తగలవు. జాబితా మారుతుంటుంది గనక టికెట్టు కొనే ముందు ఒకసారి చూసుకోండి. వేయించుకునేవాళ్లు నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకోవచ్చు. ప్రయాణానికి పది రోజుల ముందే అయిపోవాలి, ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. మలేరియా మాత్రలు అందరికీ కావాలి, మీ డాక్టరుని అడిగి పాప బరువుకి తగ్గ మోతాదు రాయించుకోండి. వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, 50 డాలర్లు.

నీలం, నలుపు బట్టలు తేకండి. సెట్సీ ఈగలకి ఆ రంగులంటే ప్రాణం. దారిలో చెట్లకి నీలం, నలుపు గుడ్డలు వేలాడుతూ కనిపిస్తాయి, అవి వాటికి పెట్టిన వలలే. జీన్స్ మీదనుంచి కూడా కుడతాయి, దోమల క్రీము పెద్దగా పనిచేయదు. ఖాకీ, లేత గోధుమరంగు మంచిది.

తిండికి దిగులు పడకండి. ఇక్కడ గుజరాతీలు తరతరాలుగా ఉన్నారు. చపాతీ, సమోసా స్థానికుల తిండిలోనే కలిసిపోయాయి. బీన్స్ కూర, ఆకుకూర, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి, క్యాంపుల్లో శాకాహారమని ముందే రాస్తే పప్పు కూడా చేస్తారు. గుడ్డు తినరన్న విషయం విడిగా రాయండి, లేకపోతే లంచ్ డబ్బాలో ఉడికించిన గుడ్డు ఖాయం. పచ్చడి తెచ్చుకోండి, కానీ ప్లాస్టిక్ కవర్లలో కాదు. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి గుడ్డ సంచిలో చుట్టండి.

బైనాక్యులర్లు రెండైనా ఉండాలి, 8x42 అయితే పాప కూడా పట్టుకోగలదు. పెద్ద కెమెరా ఉంటే ఖాళీ గుడ్డ సంచి ఒకటి కుట్టించుకు రండి, అరుషా బజార్లో రెండు కిలోల బియ్యం పోయించి జిప్పు వేస్తే బండి అంచు మీద లెన్స్ కదలకుండా కూర్చుంటుంది. తిరిగొచ్చేటప్పుడు బియ్యం గైడుకి ఇచ్చేయొచ్చు. గైడుకి విడిగా టిప్పు మామూలే, బండి మొత్తానికి రోజుకి ఇరవై డాలర్ల చొప్పున ఆఖరి రోజు కవర్లో పెట్టి ఇవ్వండి.

ఒక్కటే ఇబ్బంది. ఆగస్టు కోసం కోగాటెండే క్యాంపులు ముందు ఏడాదే నిండిపోతాయి. ఈ వారమే రాసి అడగండి. మూడు రాత్రులు దొరకలేదని చెప్పి దూరంగా ఎక్కడో పడకేసి "రోజూ నదికి తీసుకెళ్తాం" అంటే ఒప్పుకోకండి. దాని బదులు ఫిబ్రవరికి మార్చుకుని న్డూటులో నాలుగు రాత్రులు వేసుకోండి. నది ఉండదు గానీ దూడలు పుట్టడం, లేచి నిలబడటం, వాటి కోసం చీతాలు, హైనాలు కాచుకోవడం అన్నీ కళ్లముందే, బండ్లూ కొంచెం తక్కువ. నన్నడిగితే నాకు ఆగస్టు కంటే అదే ఇష్టం. బడి మానాల్సి వస్తుందంటారా, నాలుగో తరగతే కదా.